అట్టల వరస

రెటీనా అనే కంటి వెనక పొర గురించి మా నాన్నకి తెలిసినంతగా ఈ భూమ్మీద ఇంకొకరికి తెలియదు. ఈ మాట ఆయనే చెబుతారు కాబట్టి నమ్మాలి. తల్లి కడుపులో బిడ్డ ఇంకా గింజంత ఉన్నప్పుడు ఆ పొర ఎలా మొదలవుతుంది, అందులో ఏ కణం ఎరుపు చూడాలో ఏ కణం ఆకుపచ్చ చూడాలో ఎలా తేలుతుంది, ఆ పంపకంలో పొరపాటు జరిగితే పుట్టే బిడ్డ చూపులో ఏం లోటు వస్తుంది, ఇదంతా ఆయన పరిశోధన. ఒక పెద్ద పరిశోధనా సంస్థకి ఆయన అధిపతి. ఆయన రాసిన పాఠం చదవకుండా కంటి డాక్టరు అయినవాళ్ళు తక్కువ. అంతటి మనిషిని టమాటాలు తెమ్మని పంపిస్తే సంచీ నిండా పచ్చికాయలు ఏరుకొస్తారు.

ఇవి పండలేదని అమ్మ ఏనాడూ అనలేదు. "మంచి పని చేశారు, నాలుగు రోజులు నిలవుంటాయి" అంటుంది. ఆయన బయటికి వెళ్ళేముందు తొడుక్కోవలసిన చొక్కా, మేజోళ్ళు మంచం మీద తీసిపెట్టేదీ అమ్మే. ఆయన దాన్ని పతిభక్తి అనుకుంటారు, అమ్మ దాన్ని పరువు అనుకుంటుంది. నాన్న కూడలిలో పై దీపం వెలిగితే కారు ఆపుతారు, కింది దీపం వెలిగితే కదిలిస్తారు. ఒకసారి దీపాలు అడ్డంగా బిగించిన ఊరికి ఉపన్యాసానికి వెళ్ళి, అక్కడ కారు అద్దెకి తీసుకుని, నడిరోడ్డు మీద ఇద్దరు పోలీసులకి కంటి నిర్మాణం గురించి చెప్పుకోవలసి వచ్చింది.

సంగతి అర్థమైపోయే ఉంటుంది. మా నాన్నకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, సంస్థలో అందరికీ తెలుసు, కూరగాయల కొట్టతనికీ తెలుసు. తెలియనిది ఆయనొక్కరికే.

అదెలా సాధ్యమంటే, దానికి కారణం చుక్కల అట్టలు. రంగులు తెలుస్తున్నాయో లేదో చూడడానికి డాక్టర్ల దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. ప్రతి పేజీ నిండా రంగు చుక్కలు, వాటి మధ్య వేరే రంగు చుక్కలతో దాచిన అంకె. రంగులు తెలిసినవాళ్ళకి అంకె కనబడుతుంది, తెలియనివాళ్ళకి ఉత్త చుక్కలే. ఒక్క మొదటి పేజీలోని పన్నెండు మాత్రం అందరికీ కనబడుతుంది. పరీక్ష ఏమిటో అర్థం కావడానికి పెట్టిన పేజీ అది. నాన్న చదువుకునే రోజుల్లో తనకి ఆ పరీక్ష చేసే వంతు వచ్చేసరికే, ఆ పరీక్ష ఇంకొకరికి ఎలా చేయాలో నేర్చేసుకుని ఉన్నారు. ఎన్నో పేజీలో ఏ అంకె ఉందో కంఠస్థం. గడగడా అప్పజెప్పారు. చూపు అద్భుతంగా ఉందన్నారు. అప్పటినుంచీ ఆ ఒక్క మాట పట్టుకుని బతికేస్తున్నారు.

కొన్నాళ్ళకి పుస్తకం కుట్లు ఊడిపోతే అమ్మ ఒక్కో పేజీనీ ఒక్కో అట్టకి అంటించి బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. అలా అవి అట్టలయ్యాయి. ఆ డబ్బా బీరువా పైన ఉంటుంది. ఇంట్లో దేన్నయినా తీసి ఎక్కడైనా పెట్టొచ్చు గానీ ఆ అట్టల వరస మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

ఇక నా సంగతి. నేను ఆ సంస్థలోనే ఫోటోలు తీస్తాను. పెళ్ళిళ్ళ ఫోటోలు కాదు, సూక్ష్మదర్శిని కింద కణాల ఫోటోలు. ఇంట్లో ఆయన నాకు నాన్న, అక్కడ సార్. రెండు చోట్లా ఆయన చెప్పడమూ నేను వినడమే.

గొడవంతా మా గుండుగాడితో మొదలైంది. వాడు నా కొడుకు, ఏడేళ్ళవాడు. ఒకప్పుడు పేలు పడితే గుండు చేయించాం, జుట్టొచ్చినా పేరు పోలేదు. వాడు బడిలో చెట్టు బొమ్మ వేశాడు. ఆకులకి మట్టి రంగు, మానుకి ఆకుపచ్చ రంగు. టీచరమ్మ అదేదో కొత్త ధోరణి అనుకుని గోడకి అంటించింది. మర్నాడు బడికి పిల్లల కళ్ళు చూడ్డానికొచ్చిన డాక్టరు ఆ బొమ్మ చూసి, వాణ్ణి పక్కకి పిలిచి నాలుగు చుక్కల పేజీలు చూపించి, సాయంత్రం నాకు కబురు పెట్టాడు. వాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదన్నాడు. ప్రమాదమేమీ లేదు, ఇలాంటివాళ్ళు హాయిగా బతికేస్తున్నారు, బెంగ పెట్టుకోకండి అని కూడా అన్నాడు. హాయిగా బతికేస్తున్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారని నేను చెప్పలేదు.

సాయంత్రం మా పుట్టింట్లో టీలు తాగుతూ ఈ కబురు చెప్పాను. నాన్న కప్పు కింద పెట్టారు.

"అల్లుడి వైపు నుంచి వచ్చింది" అన్నారు.

మా ఆయన రంగుల కొట్లో పనిచేస్తారు. గోడలకి వేసే రంగులు కలపడం ఆయన వృత్తి. ఎవరైనా వచ్చి తెలుపే కావాలి కానీ మరీ తెల్లగా ఉండకూడదంటే, విసుక్కోకుండా కలిపి ఇచ్చే మనిషి. ఆయన బిస్కెట్టు నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయారు.

"మామయ్యగారూ, మా వైపు ఎవరికీ అలాంటిది లేదండీ."

"ఉన్నా నీకు తెలియదులే బాబూ. ఈ జబ్బు లక్షణమే అది. ఉన్నవాడికి ఉన్నట్టే తెలియదు."

ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు. అమ్మ లేచి ఆయన కప్పులో ఇంకొంచెం టీ పోసింది.

నేను ఉండబట్టలేక అన్నాను. "నాన్నా, ఇది తండ్రి నుంచి కొడుక్కి రాదని మీ పాఠంలోనే ఉంది కదా. తల్లి నుంచి వస్తుంది. ఆ తల్లికి వాళ్ళ నాన్న నుంచి."

"లేదా వాళ్ళ అమ్మ నుంచి. పాఠం సగం చదివితే ఇలాగే ఉంటుంది. మీ అమ్మ వైపు వాళ్ళందర్నీ పెళ్ళయిన కొత్తలోనే పరీక్షించాను. ఒక్కరికీ లేదు. నా సంగతంటావా, సరేసరి. అంటే ఏం తేలింది? ఇది మామూలు రకం కాదు. తండ్రి వైపు నుంచి వచ్చే కొత్త రకం."

తన కంట్లో లోటుందని ఒప్పుకోవడం కన్నా, మొత్తం శాస్త్రాన్ని తిరగరాయడం ఆయనకి తేలికగా తోచింది. ఆ మాత్రం ధైర్యం అందరికీ ఉండదు. మా ఆయన మెత్తబడిపోయిన బిస్కెట్టు వంకే చూస్తూ కూర్చున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. నాన్న గుండుగాణ్ణి దగ్గరికి పిలిచి వాడి గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూశారు. "నీకు నేను నయం చేస్తానురా. కంటి వెనక్కి ఒక సూది. అక్కడ ఏ జన్యువు లేదో దాన్ని తీసుకెళ్ళి పెట్టేస్తాం. ఎలుకలకి చేశాం. ఇంక మనుషులకి చెయ్యడమే. మొదటివాడివి నువ్వే."

"సూది కంట్లోకా తాతయ్యా?"

"కంటి వెనక్కి. నొప్పే తెలియదు."

ఇంటికి వెళ్ళేదాకా దారంతా వాడు రెప్పలు టపటపలాడిస్తూనే ఉన్నాడు.

మా సంస్థలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు రెండు సంగతులు నేర్పుతారు. ఒకటి, ఎలుకల గదిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు మార్చుకోవడం. రెండోది, సార్ దగ్గరికి వెళ్ళే ప్రతి ఫోటో మీదా చిన్న అక్షరాలు వేయడం. కొత్తగా పుట్టిన కణాలు ఆకుపచ్చగా, చచ్చిపోతున్న కణాలు ఎర్రగా మెరిసేలా మేం మందులు వేస్తాం. ఆకుపచ్చగా ఉన్నచోట 'ఆ', ఎర్రగా ఉన్నచోట 'ఎ' అని రాస్తాం. ఎందుకని ఎవరూ అడగరు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో కూడా ఎవరికీ గుర్తులేదు. సార్ మాత్రం అది ఫోటోలు భద్రపరిచే పద్ధతి అనుకుంటారు. ఎవరైనా పెద్దవాళ్ళు చూడ్డానికొస్తే ఆ అక్షరాలు చూపించి, ఇంత క్రమశిక్షణ ఇంకెక్కడా ఉండదంటారు. వచ్చినవాళ్ళు తల పంకించి వెళ్ళిపోతారు.

ఈ ఏడాది కొత్త సూక్ష్మదర్శిని వచ్చింది. దాంతో తీసిన ఫోటో తీసినట్టే సార్ గదిలోని పెద్ద తెర మీదికి వెళ్ళిపోతుంది. మధ్యలో మనిషి చెయ్యి తగలదు. అదే దాని గొప్పతనమని అమ్మినవాళ్ళు చెప్పారు. మా అక్షరాలు పడే చోటు లేకుండా పోయింది.

సూది వేసిన ఎలుకల కళ్ళ ఫోటోలు ఆ తెర మీదే చూశాం. గదిలో సార్, నేను, ఆయన తర్వాతి పెద్ద శాస్త్రవేత్త ఉన్నాం. ఈయన్ని మేమంతా వెనకాల అవున్సార్ అంటాం. పెద్ద చదువే చదివారు గానీ, నోటిలోంచి వచ్చేది మాత్రం ఆ ఒక్క మాటే. తెరంతా ఎర్రగా ఉంది. పుండు పడ్డట్టు ఈ మూల నుంచి ఆ మూలకి ఎరుపే.

"చూశారా, కొత్త కణాలు ఎలా పుట్టుకొచ్చాయో. సందు లేదు" అన్నారు సార్.

"అవున్ సార్" అన్నారు ఆయన.

"సార్, అవి ఎర్రగా ఉన్నాయి" అన్నాను నేను.

సార్ అవున్సార్ వైపు తిరిగారు. "ఎర్రగా ఉన్నాయా?"

"అవున్ సార్."

"ఆకుపచ్చగా లేవూ?"

"అవున్ సార్."

"ఏది అవునయ్యా?"

"మీరు చెప్పింది సార్."

"కిటికీ తెర దించమ్మా. వెలుతురు పడి రంగు మారుతోంది" అన్నారు సార్ నాతో. దించాను. చీకట్లో ఎరుపు ఇంకా బాగా కనబడింది. సార్ తృప్తిగా తల ఊపారు.

అక్కణ్ణుంచి నేను ఎలుకల గదికి వెళ్ళాను. సార్ అక్కడికి రారు, చెప్పులు మార్చుకోవాలంటే ఆయనకి విసుగు. సూది పడిన కన్ను చాలా ఎలుకలకి పాలు కారినట్టు తెల్లబడిపోయింది. ఒకటి బోనులో తిరుగుతూ ఆ కంటి పక్క గోడకి గుద్దుకుంటోంది, వెనక్కొచ్చి మళ్ళీ అదే గోడకి గుద్దుకుంటోంది. మళ్ళీ అవున్సార్‌ని వెతికి పట్టుకున్నాను.

"అవి చచ్చిపోతున్న కణాలు కదండీ?"

"అవునమ్మా" అన్నారాయన, గోడ వైపు చూస్తూ.

"మరి మీరు సార్‌కి చెప్పాలి కదా. నేను కూతుర్ని, నా మాట లెక్కలోకి రాదు. మీరు చెబితే వింటారు."

"అవునమ్మా, చెప్పాలి" అని ఆయన గబగబా ఇంకో గదిలోకి వెళ్ళిపోయారు.

ఇలాంటి పనులకి అనుమతి ఇవ్వడానికి పెద్దల సంఘం ఒకటుంది. అందులో అందరూ నాన్న దగ్గర చదువుకున్నవాళ్ళే. సొంత మనవడికే వేయిస్తున్నారంటే ఎంత నమ్మకమో అని మెచ్చుకుని సంతకాలు పెట్టేశారు. పత్రికలవాళ్ళు వచ్చి తాతామనవళ్ళని పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. సెలవులు ఇచ్చిన వారంలోనే సూది అన్నారు.

ఆ ఫోటో పడిన రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి గుండుగాడు ఒక కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని గదులన్నీ తిరుగుతున్నాడు. తలుపు చెక్కకి భుజం కొట్టుకుంది. మళ్ళీ మొదట్నుంచి తిరిగాడు.

"ఏం చేస్తున్నావురా?"

"నేర్చుకుంటున్నా."

"ఏం నేర్చుకుంటున్నావు?"

"సూది వేశాక ఈ కన్ను పోతే అలవాటుండాలి కదా. నువ్వు నాన్నకి ఎలుక గురించి చెప్తుంటే విన్నాను."

వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. "భయమేస్తే వద్దని తాతయ్యకి చెప్పొచ్చు కదరా."

"నువ్వు చెప్పావా?" అన్నాడు వాడు. వెటకారం కాదు, తెలుసుకోవాలని అడిగాడు. అడిగి, చెయ్యి రెండో కంటికి మార్చుకున్నాడు.

ఎలుకల సంగతి మా ఆయనకి చెప్పానే గానీ, ఆయన వెళ్ళి మామగారికి చెబితే జబ్బున్న వంశంవాడు మాట్లాడుతున్నాడంటారు. కాబట్టి మర్నాడు పొద్దున్నే అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ వంటింట్లో చిక్కుళ్ళు వలుస్తోంది.

"నువ్వైనా చెప్పమ్మా. ఆ జబ్బు తన దగ్గర్నుంచే వచ్చిందని, ఆయన చూసిన ఆకుపచ్చ ఆకుపచ్చ కాదని."

"ఆయనకది తెలిస్తే మనిషి మనిషిలా ఉండరే. బతుకంతా కళ్ళ మీదే కట్టుకున్నారు."

"వాడి కన్ను పోతే?"

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తర్వాత చేతులు కడుక్కుని, పక్క గదిలోకి వెళ్ళి, కుర్చీ ఎక్కి, బీరువా పైనుంచి బిస్కెట్ల డబ్బా దించింది. తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆదివారం మీ అత్తగారు వాళ్ళు వస్తున్నారుగా, పరీక్ష చేయించుకోవడానికి. డబ్బాకి దుమ్ము పట్టింది. అట్టలన్నీ బయటికి తీసి తుడు. తుడిచాక ఎలా పెడతావో నీ ఇష్టం" అని మళ్ళీ చిక్కుళ్ళ ముందు కూర్చుంది.

తుడిచాను. పేకముక్కలు కలిపినట్టు కలిపాను. నచ్చక మళ్ళీ కలిపాను. అమ్మ ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

మా అత్తగారికి ఈ అపవాదు సంగతి తెలిసినప్పటినుంచీ అన్నం సయించడం లేదు. మా వంశానికి వంక పెడతారా, రమ్మనండి పరీక్షకి, అని కూర్చున్నారు. ఆదివారం మామగారినీ నా ఆడపడుచునీ వెంటబెట్టుకుని, ఉన్నవాటిలో అన్నింటికన్నా ఎర్రచీర కట్టుకుని వచ్చారు. నాన్న సాక్ష్యానికి అవున్సార్‌ని కూడా పిలిచారు. ముందుగదిలో సోఫాకి ఎదురుగా కుర్చీ వేసుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"చెల్లెమ్మగారూ, ముందు మీరు. ఆకుపచ్చ మీకు బాగా నప్పింది" అన్నారు మర్యాదగా.

అత్తగారు తన చీర వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసుకున్నారు. నేను గోడ గడియారం చూశాను.

నాన్న అట్ట పైకెత్తి ఎదుటివాళ్ళకి చూపిస్తారు. తాను మాత్రం చూడరు, వీపు వైపే ఆయనకి కనబడుతుంది. చూడవలసిన అవసరం ఏముంది, వరస తెలిసినవారికి.

"ఆరు" అన్నారు అత్తగారు.

"కాదు. పన్నెండు."

"ఆరే అన్నయ్యగారూ. ఇంతేసి ఉంది."

"చెల్లెమ్మగారూ, ఇది మొదటి అట్ట. ఇది రంగులు తెలియనివాళ్ళకి కూడా కనబడుతుంది." ఆయన గొంతులో జాలి ధ్వనించింది. రెండోది ఎత్తారు. ఆవిడ నలభై రెండు అంటే ఆయన ఎనిమిది అన్నారు. మూడోది, నాలుగోది అన్నీ అంతే. తర్వాత మామగారు తప్పారు. ఆడపడుచు తప్పింది. ఆఖరికి మా ఆయన కూర్చుని, అట్టలన్నీ చూసి, ఉన్నది ఉన్నట్టు చదివి, అన్నీ తప్పారు. రంగుల కొట్లో ఇన్నేళ్ళూ జనాన్ని మోసం చేశానేమోనని పాపం ఆయనకే అనుమానం వచ్చింది.

నాన్న మొహం వెలిగిపోతోంది. "మొదటి అట్ట కూడా చదవలేకపోవడం ప్రపంచంలో ఇంతవరకు ఎక్కడా లేదు. నేను చెప్పలా? కొత్త రకం. వంశమంతా. దీనికి పేరు పెట్టాలయ్యా."

"అవున్ సార్. మీ పేరే పెడదాం సార్" అన్నారు అవున్సార్. ఆయన అత్తగారి పక్కనే కూర్చున్నారు. ప్రతి అట్టా ఆయనకి ఎదురుగానే లేచింది.

అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడతో నాకు సవాలక్ష పేచీలున్నాయి గానీ, ఆ పూట మాత్రం నేను ఆవిడ పక్షమే. నోరు విప్పేద్దామనుకున్నాను. ఈలోగా నాన్న మనవణ్ణి పిలిచారు.

"ఇలా రారా. అందరూ చూడండి, నయం కావలసింది ఎంతుందో."

గుండుగాడు వెళ్ళి అందరిలా ఎదురుగా నిలబడలేదు. తాత ఒళ్ళోకి ఎక్కి కూర్చున్నాడు. దాంతో అట్ట ఇద్దరికీ ఒకేవైపు నుంచి కనబడసాగింది. మొదటిది చూసి ఏమీ లేదు అన్నాడు. రెండోది, మూడోది కూడా ఏమీ లేదు అన్నాడు. ప్రతిసారీ నాన్న ఏ అంకె ఉండాలో మా అందరికీ వినబడేలా చెబుతున్నారు. వాడి గొంతు అట్ట అట్టకీ చిన్నదైపోతోంది. ఆరో ఏడో అట్ట తీశారు.

"ఇక్కడ డెబ్భై నాలుగు" అన్నారు నాన్న.

"పన్నెండు" అని కేకేశాడు గుండుగాడు. "తాతయ్యా, ఇది కనబడుతోంది. పన్నెండు. చూడు, నీకూ కనబడుతోంది కదా?"

నాన్న చూశారు. పన్నెండే. పుస్తకం ప్రకారం ఆయన కంటికీ కనబడవలసిన ఒకే ఒక్క అట్ట, ఉండకూడని చోట ఉంది.

ఆయన మిగిలిన అట్టలు ఒక్కొక్కటే తీసి తనవైపు తిప్పుకుని చూశారు. ఎప్పుడూ అలా చూడగా నేను చూడలేదు. చూసినవి పక్కన పెడుతున్నారు.

"అట్టలు ఎవరు తుడిచారు?"

"నేనే నాన్నా" అన్నాను.

తిడతారనుకున్నాను. ఆయన అత్తగారి వైపు తిరిగారు. "చెల్లెమ్మగారూ, మొదట మీరేమన్నారు?"

"ఆరు అన్నానండీ. మీరు కాదన్నారు."

"నీకేం కనబడిందయ్యా?" అని అవున్సార్‌ని అడిగారు.

"మీరు చెప్పిందే..."

"నేను చెప్పింది కాదు. నీకు కనబడింది."

అవున్సార్ నోటివెంట సొంత మాట రావడం నేను వినడం అదే మొదలు. "ఆరు సార్."

"మరి అవునన్నావేం?"

"అలవాటు సార్."

"ఆ ఎలుకల ఫోటో?"

"ఎరుపు సార్. మొత్తం ఎరుపే."

నాన్న మనవడి తల మీద చెయ్యి వేశారు. వేసిన చెయ్యి తియ్యలేదు. "ఆ సూది సంగతి ఆపేయ్. సంఘానికి రేపు నేనే చెబుతాను."

"అవున్ సార్" అన్నారాయన. ఆ మాట అంత చల్లగా నా చెవికి ఎప్పుడూ సోకలేదు. నేను వంటింట్లోకి పారిపోయి, కొళాయి తిప్పుకుని, కాసేపు ఏడ్చాను.

అత్తగారు వాళ్ళు గెలిచి వెళ్ళిపోయారు. గెలిచిన హోదాలో ఒక మాట అనకుండా వెళ్ళడం ఆవిడ గొప్పతనం. గుమ్మం దగ్గర మాత్రం నా చెవిలో, "పాపం, అన్నయ్యగారికి కాఫీ ఇవ్వు" అన్నారు.

కాఫీ తీసుకెళ్ళేసరికి నాన్న అమ్మని అడుగుతున్నారు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పెళ్ళయిన వారానికి. ఎర్రచీర కట్టుకుంటే, ఆ ఆకుపచ్చ చీరలో ఎంత బావున్నావో అన్నారు."

"అప్పుడే చెప్పలేదేం?"

"బావున్నానన్నారుగా" అంది అమ్మ.

నాన్న కప్పు అందుకుని ఊరికే పట్టుకు కూర్చున్నారు. ఆయన నాకు ఒక్కసారిగా చిన్నగా కనబడ్డారు. నాకు జాలేసింది, కోపం కూడా పోలేదు. గుండుగాడు నేల మీద అట్టలన్నీ పరుచుకుని ఆడుకుంటున్నాడు. ఉన్నట్టుండి ఒకటి తీసి పైకెత్తాడు.

"తాతయ్యా, ఇందులో కూడా ఉంది. అయిదు."

నాన్న వంగి చూశారు. "అయిదే" అన్నారు మెల్లిగా. తర్వాత తనకి తానే చెప్పుకున్నట్టు అన్నారు. "రంగులు తెలిసినవాళ్ళకి ఈ అట్టలో ఏమీ కనబడదు. మనలాంటివాళ్ళకే కనబడేలా చేసిన అట్ట ఇది. ఇన్నేళ్ళుగా నాకు అయిదు కనబడుతూనే ఉందిరా. పుస్తకంలో ఏమీ కనబడకూడదని ఉంది. అందుకని ఏమీ లేదనే చెబుతూ వచ్చాను."

"అబద్ధం చెప్పావా?"

"చదువుకున్నాను" అన్నారు నాన్న.

వాడు ఆ అట్ట పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, చెప్పు. ఎంతుంది?"

చూశాను. చుక్కలే. దూరం పెట్టి చూశాను, దగ్గర పెట్టి చూశాను. మా ఆయనకి ఇచ్చాను. తెలుపులో తెలుపు పోల్చే మనిషి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశారు. ఆయనకీ చుక్కలే.

"కనబడట్లేదురా" అన్నాను.

వాడు నోరు తెరుచుకుని తాత వైపు చూశాడు. అమ్మకి కనబడనిది ఉంటుందని వాడికి అంతవరకు తెలియదు.

"మీ అమ్మకి లోటురా. వాళ్ళ అమ్మ వైపు నుంచి వచ్చుంటుంది" అన్నారు నాన్న. అమ్మ తలుపు చాటున నవ్వింది.

గుండుగాడు మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి చూస్తూ ఆలోచించాడు. "మరి అమ్మకి సూది వేస్తావా తాతయ్యా?"

నాన్న నవ్వబోయి ఆగిపోయారు. వాణ్ణి దగ్గరికి తీసుకుని, వారం రోజులుగా వాడు అరచెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతున్న ఆ కంటి పైన ముద్దు పెట్టుకున్నారు.

"వద్దురా. అలాగే ఉండనిద్దాం. మనమున్నాంగా, మీ అమ్మకి కనబడనివి మనం చూసి చెబుదాం."